మూడు సీట్లు ఖాళీగానే ఉన్నాయి

పదకొండు దాటింది. నిద్ర పట్టక మళ్ళీ లేచి కూర్చున్నాను. అత్తయ్య చూస్తే రేపు పొద్దున్న నా కళ్ళ కింద నలుపు మీద ఉపన్యాసం ఖాయం.

చిన్నదాని స్పీచ్ పోటీ గోల ఇంకా తెమల్లేదు. "ధైర్యవంతులైన పిల్లలు" అని టాపిక్ ఇచ్చింది స్కూలువాళ్ళే. అందరూ మలాలా అంటున్నారని ఇది ఏరికోరి, అమెరికాలో తెల్లవాళ్ళకి బస్సు సీటు వదలనన్న నల్లపిల్ల క్లాడెట్ కాల్విన్‌ని పట్టుకుంది. సాయంత్రం పేపరు తిరిగొచ్చింది. క్లాడెట్ పేరున్న చోటల్లా ఎర్ర పెన్నుతో కొట్టేసి, పైన "రోజా పార్క్స్" అని దిద్దారు టీచరు. క్లాడెట్ తర్వాత అదే ఊళ్ళో, అట్లాగే సీటు వదలక అరెస్టయి పేరు తెచ్చుకున్నావిడ. అరెస్టయ్యేనాటికి రోజా పార్క్స్‌కి 42 ఏళ్ళు. ఆవిడ పిల్ల ఎట్లా అవుతుందండీ? ఫోన్ చేసి అడిగితే, "ఆ అమ్మాయిది కొంచెం సెన్సిటివ్ మేడమ్, పెళ్ళి కాకుండా తల్లయింది కదా, జడ్జీల ముందు ఎందుకూ" అన్నారు. మా చిన్నది మాత్రం హాయిగా పేరు మార్చి బట్టీ పట్టేస్తోంది. టెన్షనంతా నాకే.

అమెరికాలో, అలబామా రాష్ట్రంలో మాంట్‌గోమరీ అనే ఊరు. 1955 మార్చి 2. స్కూలు వదిలాక పదిహేనేళ్ళ క్లాడెట్ స్నేహితురాళ్ళతో సిటీ బస్సెక్కి, తెల్లవాళ్ళ వరసల వెనక కూర్చుంది. బస్సు నిండింది. ఒక తెల్లావిడకి సీటు దొరకలేదు. ఆ వరసలో ఉన్న నలుగురు పిల్లల్నీ లేవమన్నాడు డ్రైవరు. ముగ్గురు లేచారు. క్లాడెట్ కిటికీ పక్కన అట్లాగే కూర్చుంది. ఇప్పుడు మూడు సీట్లు ఖాళీ. అయినా ఆవిడ కూర్చోదు! ఒకే వరసలో నల్లపిల్ల ఉండగా తెల్లావిడ కూర్చోకూడదట, నడవాకి అవతలి వైపు సీటైనా సరే. అంటే వాళ్ళకి కావలసింది సీటు కాదు. ఈ ముక్క చిన్నదానికి చెప్తే, "మరి ఆంటీకి కాళ్ళు నొప్పి పుట్టవా" అంది.

పోలీసులొచ్చారు. నేను టికెట్టు కొన్నాను, ఇది నాకు రాజ్యాంగం ఇచ్చిన హక్కు అని ఏడుస్తూనే చెప్పింది. ఇద్దరూ చేతులు పట్టి లాగారు. ఒళ్ళో పుస్తకాలు చెల్లాచెదురయ్యాయి. బేడీలు వేసి, పిల్లల్ని పెట్టే చోటుకి కాకుండా పెద్దవాళ్ళ జైలుకే తీసుకుపోయారు. ఆ ఫిబ్రవరి అంతా క్లాసులో నల్లవాళ్ళ చరిత్ర చెప్పించుకున్న పిల్ల. బానిసత్వం మీద పోరాడిన హారియట్ టబ్‌మన్ ఒక భుజమూ, సోజర్నర్ ట్రూత్ ఇంకో భుజమూ నొక్కి కూర్చోబెట్టినట్టనిపించిందని తర్వాత ఎన్నోసార్లు చెప్పింది. విడిపించి ఇంటికి తెచ్చిన రాత్రి, తెల్లవాళ్ళు మీద పడతారేమోనని పెంచిన తండ్రి తుపాకీ పట్టుకుని తెల్లవార్లూ కాపలా కూర్చున్నాడు.

నన్ను మాత్రం బస్సు కంటే చెప్పుల సంగతే ఎక్కువ పట్టుకుంది. ఆ ఊళ్ళో నల్లపిల్లలు చెప్పుల దుకాణంలో కాలు పెట్టి కొలత చూసుకోవడానికి వీల్లేదు. ఇంట్లో గోధుమరంగు కాగితం సంచీ మీద పాదం గీసుకుని, ఆ బొమ్మ పట్టుకెళ్ళి చెప్పులు తెచ్చుకోవాలి.

మా నాన్న కూడా మా పాదాలు గీసేవారు. బళ్ళు తెరిచే ముందు గుంటూరు వెళ్ళే రోజు, పొద్దున్నే పాత పేపరు పరిచి, చెవి మీద పెట్టుకున్న పెన్సిల్ తీసి మమ్మల్ని వరసగా నిలబెట్టేవారు. మడమ దగ్గర మొదలుపెట్టి చిటికెన వేలి దాకా వచ్చేసరికి చక్కిలిగింత పెట్టి తమ్ముడు కాలు లాగేసుకునేవాడు. గీత వంకర పోయేది. "కదలకురా, ఆరు వేళ్ళ చెప్పులు తెస్తా" అనేవారు. ఒక్కో పాదంలో పేరు రాసి, కత్తిరించి, మడిచి జేబులో పెట్టుకునేవారు. అందర్నీ బస్సెక్కిస్తే ఛార్జీలకే చెప్పుల డబ్బులైపోతాయని అమ్మ గొణుగుడు. రాత్రి ఆయనొచ్చేదాకా మెలకువగా ఉండేవాళ్ళం. నాకెప్పుడూ ఒక వేలెడు పెద్దవే తెచ్చేవారు. కాలు పెరుగుతుందిగా అని! నేను మురిపెంగా దాచుకున్న పని, అక్కడ ఒక పిల్లకి నువ్వు ముట్టుకున్న చెప్పు ఇంకెవరూ కొనరని చెప్పడం. ఇది చదివిన దగ్గర్నించీ ఆ పేపరు పాదాలు తలుచుకుంటే ఏదోలా ఉంటోంది.

సరే, టీచరు మాటకొస్తాను. అందరూ చెప్పే కారణం అదే: గర్భవతి అయింది కాబట్టి నల్లవాళ్ళ హక్కుల ఉద్యమ నాయకులు క్లాడెట్‌ని పక్కన పెట్టారని. ఇదంతా అన్నం దగ్గర చెప్పి విసుక్కుంటుంటే అత్తయ్య, "కొడుకు ఎప్పుడు పుట్టాడే?" అన్నారు. 1956 మార్చి అన్నాను. వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టి, "అరెస్టయిన నాటికి కడుపే లేదు కదే అమ్మాయ్!" అన్నారు. అవును మరి. ఈమె కేసుని ముందుకు తీసుకెళ్ళొద్దనుకునేనాటికి ఆ సంగతే లేదు. చిన్నపిల్ల, ఆవేశం ఎక్కువ, పేదపేట నుంచి వచ్చింది, ఇవీ లెక్కలు. కడుపు సంగతి తర్వాత దొరికిన సాకు.

అక్కడికి నాయకులందర్నీ తిట్టేసి ఈ టపా ముగిద్దామనే కూర్చున్నాను. కానీ అంత తేలిగ్గా లేదు. 1955 మే నెలలో అప్పీలు విన్న జడ్జి తెలివిగా, బస్సుల్లో నల్లవాళ్ళని వేరుగా కూర్చోబెట్టే వేర్పాటు చట్టాన్ని ఉల్లంఘించిందన్న నేరం కొట్టేసి, పోలీసు మీద చెయ్యి చేసుకుందన్న నేరం మాత్రం ఉంచాడు. ఇక ఆ కేసుతో చట్టాన్ని ప్రశ్నించే దారే లేదు. ఆమె లాయరు ఫ్రెడ్ గ్రే అప్పటికి పాతికేళ్ళు నిండని కుర్రాడు, ఏం చేస్తాడు? రోజా పార్క్స్‌ని తక్కువ చెయ్యడం కూడా నాకిష్టం లేదు. కాళ్ళు నొప్పి పుట్టి లేవలేకపోయిన కుట్టుపనావిడ కాదు, ఎన్నో ఏళ్ళుగా హక్కుల సంఘంలో కార్యదర్శి. క్లాడెట్ కోసం చందాలు పోగుచేసిందీ, తన యువజన మీటింగులకి పిలిచిందీ ఆవిడే. డిసెంబరు 1న ఆవిడ అరెస్టయితే, 5 నుంచి ఊరు ఊరంతా బస్సెక్కడం మానేసింది. 381 రోజులు! పదిహేనేళ్ళ పిల్ల పేరు మీద అన్నాళ్ళు నడిచేవాళ్ళా? ఏమో. "ముందు పెట్టుంటే ఆ పిల్లనే ఆడిపోసుకునేవాళ్ళు, వదిలెయ్యడమే మేలయిందేమో" అన్నారు అత్తయ్య. ఒక పది నిమిషాలు నేనూ అట్లాగే అనుకున్నాను.

మేలా? బస్సుల్లో వేర్పాటుని కొట్టేసిన బ్రౌడర్ వర్సెస్ గేల్ కేసులో రోజా పార్క్స్ లేనే లేదు. ఉన్నది నలుగురు ఆడవాళ్ళు, అందులో క్లాడెట్ ఒకతె. 1956 మార్చిలో బిడ్డని కని, మే నెలలో కోర్టులో సాక్ష్యం చెప్పింది. అప్పుడు మాత్రం పెళ్ళి కాని తల్లి పనికొచ్చింది! ఆ కోర్టు తీర్పుని నవంబరు 13న సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఊళ్ళో ఆమెకి పని దొరకడమే కష్టమై న్యూయార్క్ వెళ్ళి, ఏళ్ళ తరబడి ఒక నర్సింగ్ హోమ్‌లో సహాయకురాలిగా చేసింది. అరెస్టు నాటి పాత కేసు రికార్డు చెరిపేసేసరికి 2021, వయసు 82.

ఇంతా రాశాక గుర్తొస్తోంది, ఆ నలుగురిలో మేరీ లూయీజ్ స్మిత్ అని ఇంకో పిల్ల కూడా ఉంది. 18 ఏళ్ళు. రోజా పార్క్స్ కంటే ముందే, అక్టోబరులో, ఇట్లాగే సీటు వదలక అరెస్టయింది. ఈమెనీ ముందుకు తేలేదు. ఈసారి కారణం, వాళ్ళ నాన్న తాగుబోతట. "మా నాన్న చుక్క ముట్టరు" అని మేరీ చెప్తూనే వచ్చింది.