కరెంటు మీటర్ దగ్గర ఆగిపోయిన మా అమ్మ పెన్షన్ - నా అనుభవం

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. అమ్మ చిన్నప్పట్నుంచీ కొబ్బరి పీచు పనికే వెళ్లింది, చేతులు చూస్తేనే తెలిసిపోద్ది. 2022లో 60 ఏళ్లు నిండగానే వృద్ధాప్య పెన్షన్‌కి గ్రామ సచివాలయంలో అప్లై చేశాం, ఆధార్, రైస్ కార్డు ఇచ్చాం, అయిపోద్ది అనుకున్నాం. భూమి, ఆదాయం, కరెంటు వాడకం లాంటివి చూసే ఆరు అంచెల వెరిఫికేషన్‌లో రిజెక్ట్! ఎందుకంటే కరెంటు నెలకి సగటున 300 యూనిట్లు దాటిందంట.

అమ్మ ఉండేది కింద ఒక్క గది, ఒక ఫ్యాను, ఒక లైటు. పైన అన్నయ్య వాళ్లు ఉంటారు, కార్డు వేరు, వంట వేరు, కానీ మీటర్ మాత్రం ఒకటే, అది చనిపోయిన నాన్న పేరు మీద ఉంది. పైన ఏసీ తిరిగితే కింద అమ్మ పెన్షన్ పోయింది. ఆ మాట అమ్మకి చెప్పడానికి నాకు నోరు రాలేదండి, ఎందుకంటే ఆవిడ వెంటనే అన్నయ్యని ఏసీ కట్టేయమంటది.

ఇంక అక్కణ్ణించి తిరుగుడే తిరుగుడు. నాన్న డెత్ సర్టిఫికెట్ పెట్టి పాత మీటర్ అమ్మ పేరుకి మార్చడం, అన్నయ్యకి పైన కొత్త మీటర్, మళ్లీ రెండిటికీ ఆధార్ సీడింగ్ (ఎవరి మీటర్‌కి వాళ్ల ఆధార్ లింకు చేయడం), కరెంటు ఆఫీసు వాళ్లు సచివాలయంలో అడగమంటారు, సచివాలయం వాళ్లు కరెంటు ఆఫీసుకి వెళ్లమంటారు, నేను పనికి సెలవు పెట్టిన రోజులు లెక్కేసుకుంటే బాధేస్తది. సగటు తగ్గేదాకా కొన్నాళ్లు ఆగాం, మళ్లీ అప్లై చేశాం. 2023లో అమ్మ చేతికి మొదటి 2,750 వచ్చినప్పుడు ఆ నోట్లు కళ్లకద్దుకుని దేవుడి పటం దగ్గర పెట్టింది. 2024 జూలై 1న పెంచిన పెన్షన్, దాని మూడు నెలల బకాయిలతో కలిపి ఇంటికే 7,000 తెచ్చిచ్చారు, ఇచ్చేటప్పుడు మాత్రం ఇంత సుళువుగా ఉందా అనిపించింది.

రూల్స్ తగ్గించాలి అంటే మా టీ కొట్టు దగ్గర పెద్ద గొడవే. "అందరికీ ఇచ్చుకుంటూ పోతే ఖజానా ఏమవ్వాలండీ" అంటారు ఒక బాబాయ్, ఆ భయం తప్పని నేననను. మాగాణి 3 ఎకరాలు దాటకూడదన్న రూల్ ఉండాల్సిందే. కానీ మీటర్ మనిషి దగ్గర ఎంత ఉందో చెప్పదు కదా, ఒక కప్పు కింద ఎన్ని పొయ్యిలున్నాయో అసలే చెప్పదు. వయసు, భూమి, ఆదాయం చూడండి, మిగతాది ఊళ్లో కళ్లతో చూసి రాసుకోండి. అదే నేను అడిగేది.

పక్కింటి అత్తకి ఇంకా రాలేదు. ఆధార్‌లో వయసు పదేళ్లు తక్కువ పడింది, బడికెళ్లలేదు కాబట్టి చూపించడానికి కాగితమే లేదు. "నా కూతురికే 45 ఏళ్లు కదరా, నాకు 52 ఏంట్రా" అని నన్నే అడుగుతుంది. సోమవారం ఆవిడని ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్తున్నా.