మేడ మీద బీరపాదు – పదకొండో వారం

ఈ పూట కోసినవాటితో కలిపి తొమ్మిది కాయలు. మారతహళ్ళిలో మా మేడ మీద రెండు సంచుల్లో పెంచిన పాదులకు ఇది తక్కువ లెక్క కాదు. ఏప్రిల్ మొదటి పది రోజుల్లో ఒక్క పిందె కూడా నిలవలేదు మరి.

గింజలు ఫిబ్రవరి 15న పెట్టాను. కిందటేడు నవంబరులో పెడితే బెంగళూరు చలికి తీగ మోకాలెత్తు దగ్గరే ఆగిపోయింది. బీరకు వెచ్చదనం కావాలి. రకం అర్క సుమీత్, ఇక్కడి హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించినది. రాత్రంతా నానబెట్టి సంచికి మూడేసి గింజలు, అంగుళం లోతున వేశాను. మొలిచాక బలమైన మొక్క ఒక్కటే ఉంచాను. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు కొబ్బరి పొట్టు, సంచికి రెండు గుప్పిళ్ల వేపపిండి. ఎర్ర పెంకు పురుగులు లేత ఆకులను జల్లెడ చేశాయి. పొద్దున్నే, అవి చురుగ్గా లేనప్పుడు, చేత్తో ఏరి సబ్బునీళ్లలో వేశాను.

మార్చి చివర మగపూలు గుత్తులుగా వచ్చాయి. వారం తరువాత ఆడపూలు ఒక్కొక్కటిగా వచ్చాయి. పువ్వు కింద వేలెడంత పిందె, దాని మీద అప్పటికే పది అంచులు! కానీ మూడు రోజుల్లో పసుపుబారి రాలిపోయేది. గుమ్మడికి చేసినట్టే రోజూ ఉదయం ఏడింటికి మగపువ్వును ఆడపువ్వుకు తాకించేవాడిని. బూడిద కూడా వేశాను. ఫలితం లేదు.

తెనాలిలో ఉన్న అమ్మకు ఫోనులో చెప్పాను. "పొద్దున్న నువ్వు చూసేవి వాడిపోయిన పూలు నాన్నా. బీర సాయంత్రం పూస్తుంది. మా అమ్మమ్మ ఇంట్లో బీరపూలు విచ్చుకుంటే దీపం పెట్టే వేళ అయిందనుకునేవాళ్లం" అంది.

ఆ సాయంత్రం ఐదున్నరకే మేడెక్కి కూర్చున్నాను. ముడుచుకున్న పసుపు మొగ్గ అంచులు వదులయ్యాయి, ఆరు దాటేసరికి పువ్వు పూర్తిగా తెరుచుకుంది. కాసేపటికి బూడిదరంగు రెక్కల పురుగు ఒకటి వచ్చి వాలింది. బీరపూలకు రాత్రి తిరిగే ఇలాంటి పురుగులే చుట్టాలు. మా అంతస్తుకు అవి అరుదు కాబట్టి మగపువ్వు కోసి, రెక్కలు తీసేసి, పుప్పొడిని ఆడపువ్వు నడుమ ఉన్న కీలాగ్రానికి మెల్లగా అద్దాను. నాలుగో రోజుకు పిందె పచ్చగానే ఉంది, జానెడు అయింది!

బీర, సొర, గుమ్మడి అన్నీ ఒకే కుటుంబం, బీరపీచు చుట్టరికం. అయినా పూసే వేళలు వేరు. బీర, సొర సాయంత్రం, గుమ్మడి, నేతిబీర ఉదయం. పుట్టిళ్లూ వేరే: సొర ఆఫ్రికాది, గుమ్మడి అమెరికా ఖండాలది. బీర మాత్రం మన నేలదే.

గోరు సులువుగా దిగేటప్పుడే కోయాలి, ఆలస్యమైతే పీచు కడుతుంది. ఎక్కువ భాగం నీరే కాబట్టి ఎండాకాలం కడుపుకు తేలిక. చెక్కుతో తొక్కు పచ్చడి చేసుకుంటాం, పీచుపదార్థం అందులోనే ఎక్కువ. వండేముందు చిన్న ముక్క తప్పకుండా రుచి చూడండి. చేదుగా ఉంటే పారేయండి, ఆ చేదు పదార్థాలు వాంతులు, విరేచనాలు తెస్తాయి.

పందిరి చివర ఉన్న పదో కాయకు ఎర్రదారం కట్టాను. అది ఎండి, ఊపితే గింజలు గలగలలాడేదాకా విత్తనానికి ఉంచుతాను.