అనంతగిరి మొరం బాటల్లో గ్రావెల్ సైకిల్: నా అనుభవం

కొండ ఎలా ఎక్కావని అందరూ అడుగుతారు, ఎలా దిగావని ఎవరూ అడగరు. వికారాబాద్ దగ్గరి అనంతగిరిలో గ్రావెల్ సైకిల్ (మట్టి, కంకర బాటల కోసం చేసిన, కాస్త వెడల్పు టైర్లూ కిందికి వంగిన హ్యాండిలూ ఉన్న సైకిల్) తొక్కుదామనుకునేవాళ్లకి నేను మొట్టమొదట చెప్పేది దిగడం గురించే. ఎక్కేటప్పుడు సరైన గేరు, కాస్త ఊపిరి ఉంటే చాలు, ఊపిరి అయిపోతే ఆగి నీళ్లు తాగొచ్చు. వదులు మొరం, అంటే ఎర్రటి కంకర మట్టి మీద దిగేటప్పుడు ఆగడం కూడా నేర్చుకోవాల్సిన పనే. నాకు అది రావడానికి ఒక వానాకాలమంతా పట్టింది.

నేను తారు రోడ్డు మనిషిని. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన 2023లో 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ వచ్చినప్పటి నుంచి తెల్లవారుజామున అక్కడే తొక్కేదాన్ని. ఎండ లేదు, బండ్ల భయం లేదు, బావుంటుంది. కానీ చెట్ల మధ్య మట్టిబాట మీద పోవాలని మనసు లాగేది. సిటీలో అలాంటి చోటు దొరకదు. కేబీఆర్ పార్కులో బాట ఎంత బావున్నా అది నడిచేవాళ్లది, సైకిల్ లోపలికి రానివ్వరు, అలా ఉండటమే సరైందని నా అభిప్రాయం కూడా. అందుకే చూపు వికారాబాద్ వైపు తిరిగింది. సిటీ నుంచి 80 కిలోమీటర్ల లోపే అడవి, కొండ, మూసీ పుట్టిన చోటు, అనంత పద్మనాభస్వామి గుడి, అన్నీ ఒకే దగ్గర.

అక్కడి నేల సంగతి ముందే తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే. మన సిటీ చుట్టూ ఉన్నది గ్రానైట్, ఖాజాగూడ గుట్టల్లాగా గట్టి బండలు. అనంతగిరిలో మాత్రం కొండ పైభాగమంతా ఎర్రటి లాటరైట్, అది విరిగి చిన్న చిన్న గుండ్రటి రాళ్లుగా బాట మీద పరుచుకుని ఉంటుంది. దాని మీద సైకిల్ అంటే శనగలు పోసిన గచ్చు మీద నడిచినట్టే. కిందికి దిగి పొలాల్లోకి వస్తే నల్లరేగడి. తడిసిన నల్లరేగడి టైరుకి అంటుకుని, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకీ టైరుకీ మధ్య సందులో ఇరుక్కుని చక్రాన్ని తిరగనివ్వదు, అప్పుడు సైకిల్‌ని భుజాన వేసుకోవడమే. కాబట్టి వాన పడ్డాక రెండు మూడు రోజులు ఎండ కాయాలి. తడి బాట మీద తొక్కితే గాడి పడుతుంది, తర్వాతి వానకి ఆ గాడిలోంచే నీళ్లు పారి బాట కోసుకుపోతుంది, దాని మీద రోజూ నడిచేది ఊరోళ్లూ బర్రెలూ. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

సైకిల్ విషయానికొస్తే, నాది 40 మిల్లీమీటర్ల టైర్లున్న మామూలు గ్రావెల్ సైకిల్. ముందు ఒకటే పళ్లచక్రం, 40 పళ్లు, వెనక పెద్దదానికి 42. అంటే పెడల్ ఒక్క చుట్టు తిప్పితే వెనక చక్రం పూర్తిగా ఒక చుట్టు కూడా తిరగదు, బాగా నిటారుగా ఉన్నచోట కూడా కూర్చునే ఎక్కొచ్చు. కూర్చుని ఎక్కడం ముఖ్యం. లేచి నిలబడి తొక్కితే వెనక చక్రం మీద బరువు తగ్గి మొరంలో అక్కడికక్కడే జారుతుంది.

టైర్లని ట్యూబ్‌లెస్ చేయించుకున్నాను, రిమ్ముకి టేపు వేసి, ట్యూబ్‌కి బదులు లోపల రబ్బరు పాల సీలెంట్ పోస్తారు. ఎందుకంటే మన దగ్గర తుమ్మముళ్లు, పల్లేరు కాయలు. ఒక్క పల్లేరు కాయ చాలు మామూలు ట్యూబ్ పని పట్టడానికి. సీలెంట్ ఉంటే ముల్లు దిగిన చోట అదే గడ్డకట్టి మూసేస్తుంది. మన ఎండలకి అది తొందరగా ఎండిపోతుంది కాబట్టి రెండు నెలలకోసారైనా టైరు ఊపి చూడాలి, లోపల ద్రవం చప్పుడు వినపడకపోతే మళ్లీ పోయాలి. ట్యూబ్ లేదు కాబట్టి గాలి తక్కువ పెట్టుకోవచ్చు, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబ్ నలిగి పంక్చర్ అయ్యే గొడవ ఉండదు. నా బరువుకి ముందు 28, వెనక 31 పీఎస్ఐ సరిపోయింది. తారు రోడ్డు అలవాటున్న చేతికి ఆ టైరు నొక్కితే గాలి పోయిందేమో అనిపిస్తుంది, మొరంలోకి దిగాక గానీ దాని విలువ తెలియదు.

దిగడం నేర్పింది మా రైడింగ్ గ్రూపులోని పెద్దాయన ఒకరు, అందరం అన్నా అనే పిలుస్తాం. శంకర్‌పల్లి వైపు పొలాల మధ్య ఒక చిన్న మట్టి వాలు చూసి అక్కడే మళ్లీ మళ్లీ దింపించారు. "చెల్లె, రాయిని చూడకు. రాయిని చూస్తే రాయి మీదికే పోతవ్. ఏడికి పోవాల్నో ఆడ చూడు" అనేవారు. పెడల్స్ రెండూ నేలకి సమానంగా ఉంచి, సీటు మీంచి కాస్త లేచి, నడుము వెనక్కి పెట్టి, మోచేతులు వంచి ఉంచాలి. చేతులు హ్యాండిల్ కింది వంపులో ఉంటే రెండేసి వేళ్లతో బ్రేక్ అందుతుంది, పట్టు కూడా జారదు. మలుపు రాకముందే, తిన్నగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకుని, మలుపులో బ్రేక్ వదిలేయాలి. మలుపులో ముందు బ్రేక్ గట్టిగా పట్టుకుంటే ముందు చక్రం జారుతుంది, ఒకసారి ముందు చక్రం జారాక ఇక చేయగలిగింది ఏమీ ఉండదు. ఇవన్నీ చదివితే ఐదు నిమిషాల విషయం. కానీ భయంలో ఒళ్లు దానంతట అదే బిగుసుకుంటుంది, చేయి బ్రేక్ మీద పడుతుంది. ఆ అలవాటు విడిపించడానికే అన్ని వారాలు పట్టింది. చక్రం కిందికి రాయి వచ్చి సైకిల్ అటూ ఇటూ ఊగినా ఊగనిచ్చి, నేను మాత్రం వదులుగా ఉండొచ్చని ఒకరోజు పొద్దున ఒంటికి తెలిసింది. ఆ రోజు సంతోషం ఇంతా అంతా కాదు, ఇంటికొచ్చి అమ్మకి వంటింట్లో నిలబడి చేతులూ నడుమూ తిప్పి చూపించాను.

కార్తీకం వెళ్లాక బయల్దేరాం, ఎందుకంటే కార్తీకంలో గుడికి జనం ఎక్కువ, ఘాట్ రోడ్డంతా కార్లే. ముందు చక్రాలు విప్పి సైకిళ్లు కారులో పెట్టుకుని, చీకటితోనే మొయినాబాద్, చేవెళ్ల మీదుగా పోయాం. ఆ దారిలో మర్రిచెట్లు చూడటానికైనా ఒకసారి తెల్లవారేటప్పుడు వెళ్లాలి.

అనంతగిరి చుట్టూ ఉన్నది రిజర్వు ఫారెస్టు, అనుమతి లేకుండా లోపల తిరగడం నేరం. మ్యాపులో గీత కనపడిందని దూరిపోకూడదు. పైకి చేరగానే అటవీ సిబ్బందిలో ఒకాయన కనపడితే ఆగి, ఫోన్లో మేం అనుకున్న దారి చూపించాం. ఆయన ఓపిగ్గా చూసి, "మేడం, గీ లోపలి బాట వద్దు. ఊరోళ్లు పొలాలకు పోయే బండ్ల బాట ఉన్నది, గదాంట్ల పొండ్రి. చీకటి పడకముందే కిందికి రావాలె" అన్నారు. మేం గీసుకున్న దాంట్లో సగం దారి పోయింది. అయినా ఆయన చెప్పిన బాటే బావుంది, అడిగితే చెప్పేవాళ్లు ఉన్నప్పుడు అడగడానికి మొహమాటం ఎందుకు.

బండ్ల బాటలో రెండు గాడులుంటాయి, మధ్యలో గడ్డి మొలిచిన గట్టు. గాడిలో వదులు రాళ్లు పోగుపడి ఉంటాయి, చాలాచోట్ల మధ్య గట్టు మీదే పట్టు దొరుకుతుంది. టేకు ఆకులు రాలిన చోట కింద ఏముందో కనపడదు, అక్కడ నిదానం. బర్రెలు ఎదురైతే దిగి పక్కన నిలబడ్డాం, గంట కొడితే అవి బెదురుతాయి. వాటి వెనకొస్తున్న పెద్దామె మా సైకిళ్లు చూసి, "ఏం బిడ్డా, గీ రాళ్లల్ల గంత సన్నటి సైకిలేంది, పడ్తరు" అని నిజంగానే బాధపడింది. ఎక్కడి నుంచి వచ్చామో అడిగి, ముందున్న వాగులో నీళ్లు ఎంత ఉన్నాయో చెప్పి పంపింది.

వాగు దాటాక మాలో ఒకరి టైరు పక్క గోడ రాయి అంచుకి చీలింది. టైరు అడుగున ముల్లయితే సీలెంట్ మూస్తుంది గానీ పక్కగోడ చీలికని మూయలేదు. ఇక ట్యూబ్ వేయాల్సిందే. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ట్యూబ్‌లెస్ టైరులో అప్పటిదాకా దిగిన ముళ్లన్నీ లోపలే ఉండిపోతాయి, సీలెంట్ మూసేసింది కాబట్టి మనకి తెలియదు. అలాగే ట్యూబ్ వేస్తే గాలి కొట్టిన నిమిషంలో అన్నీ కలిసి దాన్ని పొడుస్తాయి. అందుకని అన్న టైరు తిరగేసి, వేలికి గుడ్డ చుట్టుకుని లోపలంతా తడిమి, ఒక్కో ముల్లూ పట్టకారుతో పీకారు. దోసెడు కాదు గానీ గుప్పెడుకి తక్కువ లేవు. చీలిక దగ్గర పాత టైరు ముక్క లోపలి నుంచి పెట్టి, ట్యూబ్ వేసి, చేతి పంపుతో గాలి కొట్టాం. పాత టైరు ముక్క లేకపోతే నాలుగు మడతలు పెట్టిన పది రూపాయల నోటు కూడా ఇంటిదాకా చేరుస్తుందట.

ఆ తర్వాత అసలు దిగుడు. మొదటి మలుపు దగ్గర సైకిల్ పక్కన పెట్టి, కాలినడకన కిందిదాకా పోయి, ఎక్కడ రాళ్లు వదులుగా ఉన్నాయో, ఎక్కడ బ్రేక్ పట్టొచ్చో చూసుకుని పైకి వచ్చాను. గుండె కొట్టుకుంటూనే ఉంది. బయల్దేరాక మాత్రం శంకర్‌పల్లి వాలు మీద చేసిందంతా ఒళ్లే చేసుకుపోయింది. వెనక చక్రం ఒకచోట పక్కకి జరిగింది, జరగనిచ్చాను, అదే సర్దుకుంది. చివరి మలుపులో దూరంగా పొలాలు కనపడుతుంటే కళ్లు అక్కడే పెట్టుకుని దిగాను. కింద అన్న ఏమీ అనలేదు, బొటనవేలు ఎత్తి నవ్వారు, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎవరైనా పోవాలనుకుంటే మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ట్యూబ్, పంపు, పట్టకారు తప్పనిసరి. గేరు యంత్రాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న హ్యాంగర్ ముక్క ఒకటి అదనంగా దగ్గర పెట్టుకోండి. రాయి తగిలితే ముందు వంగేది అదే, ఒక్కో సైకిల్‌కి ఒక్కో రకం ఉంటుంది కాబట్టి పక్కవాళ్లది పనికిరాదు, వికారాబాద్‌లో వెతికితే దొరికేదీ కాదు. కొండ మడతల్లో ఫోన్ సిగ్నల్ పోతుంది, ఒంటరిగా పోవద్దు. సంక్రాంతి తర్వాత కోటిపల్లి చెరువు వైపు బండ్ల బాటలు చూద్దామనుకుంటున్నాం, అప్పటికి రేగడి పూర్తిగా ఆరి ఉంటుంది. ఈలోపు నా బ్రేక్ ప్యాడ్లు మార్చాలి, ఆ ఒక్క దిగుడుకే బాగా అరిగిపోయాయి.