చోడవరం దాకా వినిపించిందా?

ఇవాళ ఒక మాట అన్నాను. అనకుండా ఉండాల్సింది. టైము పదకొండున్నర. అందరూ పడుకున్నారు. మామయ్య గదిలో లైటు మాత్రం ఇంకా వెలుగుతోంది. మామూలుగా తొమ్మిదిన్నరకల్లా ఆయన గురక హాల్లోకి వినిపిస్తుంది.

నేవీ డే రిహార్సల్‌కి వెళ్ళాం. అసలు రోజున వెళ్ళడం మానేసి చాలా ఏళ్ళయింది. ఆ రోజు పెద్దలొస్తారు, కుర్చీలు వాళ్ళవి, బారికేడ్లు మనవి. రిహార్సల్ అయితే అవే హెలికాప్టర్లు, అవే బాంబులు, జనం తక్కువ. తక్కువ అన్నది పాత మాటలెండి, ఇప్పుడు ఆ కిటుకు ఊరందరికీ తెలిసిపోయింది. పైగా వదినా వాళ్ళు హైదరాబాద్ నుంచి దిగారు. వాళ్ళకి డిసెంబర్ అంటే అరకు చలి, వైజాగ్ బీచి, మధ్యలో నా వంట.

బీచి రోడ్డు మీద బండ్లు ఆపేశారు కదా, పాండురంగాపురం సందుల్లో కారు పెట్టడానికి నలభై నిమిషాలు పట్టింది. ఒక చోట పెట్టాం. ఇంటావిడ గేటు తీసుకుని వచ్చి, మా గేటు ముందేనా దొరికింది అంది. తీశాం. ఇంకో చోట పెట్టాం. అక్కడ గేటు లేదు గానీ ఆవు ఉంది. ఈయన స్టీరింగ్ మీద చెయ్యేసుకుని, నేను ముందే చెప్పాను అన్నారు. ఏం చెప్పారో ఇప్పటికీ తెలీదు. మామయ్య మాత్రం ఏమీ అనకుండా ఆ మోకాళ్ళతోనే దిగువంతా నడిచారు. జేబులో బైనాక్యులర్స్. షిప్‌యార్డులో రిటైరైనప్పుడు తోటివాళ్ళు ఇచ్చినవి. ఒక కంటి అద్దంలో బూజు ఉంటుంది, ఆయన రెండో కంటితో చూస్తారు.

కాళీమాత గుడి దాటి, బీచిలో మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్ కుర్సురాకి కాస్త ఇవతల చోటు దొరికింది. నా ముందు ఒకాయన. పిల్లాణ్ణి భుజాల మీద ఎక్కించుకున్నాడు, సరే, అందరూ ఎక్కిస్తారు. ఆ పిల్లాడి చేతికి టాబ్ ఇచ్చి వీడియో తీయిస్తున్నాడు! మూడు అడుగుల పిల్లాడు, పైన ఒక అడుగు టాబ్, దాని వెనక బంగాళాఖాతం. నేను చూసిన నేవీ అంతా ఆ టాబ్‌లోనే. కమాండోలు తాడు పట్టుకుని హెలికాప్టర్ నుంచి జారడం కూడా నాలుగంగుళాల మేర చూశాను.

అదైనా ఓర్చుకునేదాన్ని. ఆయన చుట్టూ ఉన్నవాళ్ళకి పాఠం మొదలుపెట్టాడు. "ఇదే రోజు మనవాళ్ళు పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని ఇక్కడే ముంచేశారు, అందుకే నేవీ డే చేస్తారు." కాదు బాబూ. నేవీ డే చేసేది 1971 డిసెంబర్ 4 రాత్రి మన మిసైల్ బోట్లు కరాచీ మీద దాడి చేసినందుకు. అది ఆ పక్క సముద్రం. ఘాజీ మునిగింది 3వ తేదీ రాత్రి, తెల్లవారితే 4 అనగా, మన గుమ్మం ముందు. మన విమానాల ఓడ విక్రాంత్‌ని వెతుక్కుంటూ అంత దూరం వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ల దగ్గర దాక్కుని ఉంది. విశాఖలోనే ఉన్నట్టు మనవాళ్ళు దొంగ కబుర్లు పంపించారు. మన ఓడ ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలకి, అంటే నీళ్ళలో పేలే బాంబులకి, మునిగిందని మనం అంటాం, లోపలే ఏదో పేలిందని వాళ్ళంటారు. తొంభై మందికి పైగా పోయారు. అదింకా మన హార్బర్‌కి దగ్గర్లోనే అడుగున పడి ఉంది. ఇవన్నీ నాకు నోటికి వచ్చు. ఆయనకి చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. ఈయన మోచేత్తో పొడిచారు. మూసుకున్నాను. మూసుకున్నది లోపలే ఉండిపోతుంది కదా, అదే తర్వాత వచ్చిపడింది.

చీకటి పడ్డాక ఓడలన్నిటికీ దీపాలు పెట్టారు. వాటి ఆకారం మొత్తం, ముక్కు నుంచి తోక దాకా, దీపాల గీతలే. టాబ్ పిల్లాడు నిద్రపోయాడు, చోటు ఖాళీ అయింది. యారాడ కొండ మీద లైట్‌హౌస్ తిరుగుతోంది. మురీ మిక్చర్‌లో ఉల్లిపాయ ఎక్కువ పడింది. బాగుంది.

అప్పుడు మామయ్య మొదలుపెట్టారు. ఘాజీ మునిగిన రాత్రి కథ. ఏటా డిసెంబర్లో ఒకసారి వస్తుంది. విశాఖ కోటవీధిలో ఇల్లు, కిటికీలకి నల్ల కాగితాలు, ఊరంతా చీకటి, అర్ధరాత్రి దాటాక ఢామ్మని శబ్దం, కిటికీ రెక్కలు గడగడ, వంటింట్లో గిన్నెలు కిందపడటం. నా పెళ్ళైన కొత్తలో ఒక చెంబు పడింది. తర్వాత చెంబూ బిందే. ఈసారి గూడు గూడంతా పడింది. మా చిన్నోడు నోరు తెరుచుకుని వింటున్నాడు.

ఏం తోచిందో, అన్నాను: "మామయ్యా, 70లోనే తాతగారికి చోడవరం బదిలీ అయిందన్నారు కదా? ఆరో తరగతి అక్కడే చదివానన్నారు. చోడవరం దాకా వినిపించిందా?" చోడవరం సముద్రానికి దూరంగా, లోపలెక్కడో ఉన్న ఊరు.

అన్నయ్యగారు, అంటే వదిన వాళ్ళాయన, పకపకా నవ్వారు. అల్లుడి నవ్వు. వదిన ఫోన్‌లోకి చూసుకుంది. మామయ్య ఒక్క క్షణం నా వైపు చూసి, "ఏమోనమ్మా, ఏ సంవత్సరమో" అని బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకున్నారు. బూజున్న కన్నుకి పెట్టుకున్నారు. ఇంటికొచ్చాక పెరుగన్నం కూడా వద్దన్నారు.

తప్పేముంది అని స్నానం చేస్తూ వాదించుకున్నాను. చిన్నోడు రేపు స్కూల్లో అదే చెప్తాడు, తప్పు చెప్పకూడదు కదా. ఊరికి జరిగింది ఊరికి జరిగినట్టు ఉండాలి. ఇలాగే గదా, కుర్సురాని చూపించి ఘాజీని ముంచింది ఇదే అని చెప్పేవాళ్ళని బీచిలో నా చెవులతో విన్నాను. నాకు ఆ సబ్‌మెరైన్ అంటే పట్టింపు ఎక్కువ. అందరూ మ్యూజియం అయ్యాక చూశారు, నేను అది ఒడ్డుకి వస్తుంటే చూశాను.

నాన్న బజాజ్ చేతక్, ముందు నేను నిలబడి. ఆదివారం సాయంత్రం. ఇసుకలో నల్లటి ఆ ఆకారం, తొంభై మీటర్ల పైచిలుకు పొడవు, సముద్రంలోంచి వచ్చి ఇంక లేవలేక ఆగిపోయిన జంతువులా. సముద్రంలో తిరగాల్సినదాన్ని నేల మీదకి తేవడానికి 18 నెలలు, 5.5 కోట్లు పట్టిందట. నాన్న ప్రతి ఆదివారం ఒకే చోట నిలబడి, గుడి గోపురాన్నో కరెంటు స్తంభాన్నో గుర్తు పెట్టుకుని, "ఇవాళ ఇంకాస్త జరిగిందమ్మా" అనేవారు. నాకేమీ జరిగినట్టు కనిపించేది కాదు. మొక్కజొన్న పొత్తు తింటూ జరిగింది, జరిగింది అనేదాన్ని. నాన్న రుమాలుతో నా చేతికంటిన నిమ్మకాయ ఉప్పు తుడిచేవారు. చిన్నోడికి ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో.

తల తుడుచుకుంటుంటే వచ్చింది ఆలోచన. కుర్సురాని నేవీ నుంచి తప్పించింది 2001 ఫిబ్రవరిలో. మ్యూజియం చేసింది 2002 ఆగస్టులో. 2001 మార్చిలో నాకు పదో తరగతి పరీక్షలు. ఆ జూన్‌లో ఇంటర్‌కి విజయవాడ దగ్గర హాస్టల్లో వేశారు, 2003 దాకా అక్కడే. దసరాకి నాలుగు రోజులు, సంక్రాంతికి ఐదు రోజులు. ఏ ఆదివారాలు? పదహారేళ్ళ పిల్ల చేతక్ ముందు ఎలా నిలబడుతుంది?

హాస్టల్లో ఆదివారం ఇంటికి ఫోన్ చేయనిచ్చేవారు. వార్డెన్ గది బయట వరస. ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు. అమ్మ ముందు, తిన్నావా, కడుపునొప్పి తగ్గిందా. ఆఖర్న నాన్న. నాన్నకి ఫోన్‌లో మాట్లాడటం రాదు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "సబ్‌మెరైన్ ఇంకాస్త జరిగిందమ్మా" అనేవారు. అంతే, వెనక అమ్మాయి జడ లాగేది, టైమైపోయిందని.

చూశాను, సంక్రాంతికి ఒకసారి చూసే ఉంటాను. ఉంటానా? పొత్తు, నిమ్మకాయ ఉప్పు ఎప్పటివో, ఇంకా చిన్నప్పటివి అయ్యుండాలి. నాన్నని అడుగుదామంటే ఇప్పుడు ఎక్కడ అడగను. మా సొంత అన్నయ్యకి మెసేజ్ టైప్ చేశాను, "నాన్నా నేనూ కుర్సురా చూడ్డానికి వెళ్ళేవాళ్ళం గుర్తుందా" అని. పంపలేదు. వాడు నాకంటే తేదీల మనిషి. ఠక్కున "నువ్వు హాస్టల్లో ఉన్నావు గదే" అంటాడు.

సోమవారం కుర్సురాకి సెలవు. మంగళవారం వదినా వాళ్ళు చూస్తామంటున్నారు. లోపల చూపించేది రిటైరైన నేవీ వాళ్ళే, బాగా చెప్తారు. మామయ్యని రమ్మంటాను. రానంటే చిన్నోడిని పంపి అడిగిస్తాను. వాడు అడిగితే కాదనరు. బయట మెట్ల దగ్గర నా చేతక్ కథ చెప్పే వంతు వస్తుంది, ఏటా వస్తుంది. ఏం చెప్పాలో తెలీదు. చెప్తానేమో. చోడవరం బస్సులో ఎంతసేపని, సెలవులకి కోటవీధి అమ్మమ్మగారింట్లో ఉన్నారేమో ఆయన, డిసెంబర్ మొదటి వారంలో సెలవులేమిటి అని మళ్ళీ నేనే.

లైటు ఇప్పుడే ఆరింది. గురక ఇంకా మొదలవలేదు.