ఒక్క నిమిషం నిశ్శబ్దం కోసం మళ్లీ పంటు ఎక్కాను

పోయినవారం పాడ్‌కాస్ట్ కోసం సఖినేటిపల్లిలో మా పెద్దమ్మ చేత 1986 ఆగస్టు గోదావరి వరద సంగతులు చెప్పించాను. నలభై నిమిషాలు చెప్పింది. ఏడు నిమిషాలకి కుదించాలి.

ఇంటికొచ్చి ఎడిటింగ్‌కి కూర్చున్నాక తెలిసింది నా తెలివి. గది శబ్దం విడిగా తీసుకోలేదు! ఎవరూ మాట్లాడకపోయినా గది ఊరుకోదు కదా: ఫ్యాను, పెరట్లో కొబ్బరాకులు, దూరంగా గోదావరి దాటించే పంటు ఇంజను. మాట కోసిన ప్రతిచోటా అవన్నీ టక్కున తెగిపోతున్నాయి. పోనీ అక్కడ ఏ శబ్దమూ లేకుండా వదిలేస్తే ఇంకా ఘోరం, ఫోన్ కట్టయినట్టుంది.

నిన్న నరసాపురం రేవులో మళ్లీ పంటు ఎక్కాను. అదే గది, అదే కుర్చీ, అదే మైకు.

"మాట్లాడకుండా రికార్డు చేయడమేంట్రా అబ్బాయ్, బ్యాటరీ దండగ" అంది పెద్దమ్మ. అన్నదే గానీ, పాపం ఊపిరి బిగబట్టి మరీ కూర్చుంది. నలభయ్యో సెకనులో కుక్కరు విజిల్ వేసింది. మళ్లీ మొదటినుంచి.

ఆ గది శబ్దాన్ని మాట కోసిన చోట్ల కింద పరిచాను, ఇప్పుడు అతుకులు వినపడటం లేదు. "పలుపులు కోసేసి గొడ్లని వదిలేశాం" అన్నాక పెద్దమ్మ మూడు సెకన్లు ఆగుతుంది. అది మాత్రం కత్తిరించలేదు.