తొమ్మిది ప్రశ్నల కాగితం

రాత్రి మళ్ళీ మూడింటికే మెలకువ వచ్చింది. ఇవాళ మానసిక సమస్యలు చూసే కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళాలి. ఆవిడకి ఏం చెప్పాలా అని కాదు నా టెన్షన్, ఆ గది దాకా ఎలా చేరాలా అని. మెట్లెన్ని? రెయిలింగ్ ఏ వైపు? టాయిలెట్ ఏ అంతస్తులో? నిన్న ఫోన్ చేసి లిఫ్ట్ సంగతి అడిగితే, "రండి మేడమ్, చూసుకుందాం" అంది అక్కడి అమ్మాయి. ఈ "చూసుకుందాం" అన్న మాట చెవిన పడ్డ రోజున నాకిక నిద్ర ఉండదు.

పొద్దున నీళ్ళు తాగలేదు. బయటికి వెళ్ళే రోజు తాగను. టాయిలెట్ ఎలా ఉంటుందో తెలియని చోటికి గొంతు ఎండబెట్టుకుని వెళ్ళడం బడి రోజుల నుంచీ అలవాటు. దీనివల్ల రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా మానలేదు. మధ్యాహ్నానికి తలనొప్పి ఖాయం.

కాలికి ఊతమిచ్చే కాలిపర్ బిగించుకుని, ఊతకర్ర తీసుకుని వెళ్ళాను. ర్యాంప్ ఉంది. ఉందంటే ఉంది. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవుండాలని లెక్క, వీళ్ళు మూడడుగుల్లో తేల్చేశారు. అది పిల్లల జారుడుబల్లకి పనికొస్తుంది. మెట్లే ఎక్కాను. సగంలో ఉండగా ఒక పెద్దాయన "అయ్యో, ఉండమ్మా" అంటూ అడక్కుండానే నా చెయ్యి పట్టుకున్నాడు, అదీ కర్ర ఉన్న చెయ్యి! కాస్తలో పడేదాన్ని. పాపం, మంచి మనసుతోనే. నవ్వి థాంక్స్ చెప్పాను.

ఈ నవ్వు నాకు చిన్నప్పుడే అలవాటైంది. నేను విసుక్కుంటే "కాలు అలా ఉంది కదా, అందుకే చిరాకు" అంటారు. ఏడిస్తే "పాపం, కాలు" అంటారు. నా కోపం, ఏడుపు అన్నీ కాలి ఖాతాలోకే పోతాయి. అందుకని రెండూ మానేసి నవ్వుతాను. అప్పుడేమో "మిమ్మల్ని చూస్తే ఎంత ధైర్యమొస్తుందో" అంటారు. ఈ ధైర్యాన్ని రోజంతా మోసేసరికి ఒళ్ళు హూనం.

కూర్చుని ఎదురుచూస్తూ ఫోన్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలు చదివాను. తీవ్రమైన వైకల్యం ఉన్నవాళ్ళు ప్రపంచంలో దాదాపు 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. డిప్రెషన్ వచ్చే ముప్పు మాకు రెట్టింపట. ఇంతమందిమి ఉన్నాం, ఒక్క ర్యాంప్ సరిగ్గా కట్టించుకోలేకపోయాం.

లోపల ఒక కాగితం ఇచ్చారు. తొమ్మిది ప్రశ్నలు, గడిచిన రెండు వారాల గురించి. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. డిప్రెషన్ ఉందేమో చూడటానికి చాలాచోట్ల వాడేది ఇదే. నిద్ర సరిగ్గా పట్టడం లేదా? అలసటగా ఉంటోందా? ఎనిమిదోదైతే మరీను. ఇతరులు గమనించేంత నెమ్మదిగా కదులుతున్నారా అని! ఫక్కున నవ్వొచ్చింది. నేను వేగంగా కదిలిందెప్పుడు గనక? తొమ్మిదోది చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. దానికి సున్నా పెట్టాను, నిజంగానే.

అలసట దగ్గర పెన్ను ఆగిపోయింది. నాకు రెండో ఏట పోలియో వచ్చింది. నాలుగైదేళ్ళుగా కొత్త నీరసం మొదలైంది. పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. అప్పట్లో చనిపోయిన నరకణాల పనిని మిగిలినవి కొత్త కొమ్మలు వేసుకుని నెత్తికెత్తుకుంటాయి, దశాబ్దాల పాటు ఆ చాకిరీ చేసి అవీ అరిగిపోతాయి. డాక్టర్లు ఎక్కువగా చెప్పే కారణం ఇదే. మరి ఈ అలసటకి ఎంత వెయ్యాలి? ఒంటిది ఎంత, మనసుది ఎంత?

ఆ మాటే కౌన్సిలర్‌ని అడిగాను. ఆవిడ కాగితం పక్కన పెట్టేసి, "ఈమధ్య ఏం చెయ్యడం మానేశారండీ?" అన్నారు.

"బొమ్మలు వెయ్యడం."

"ఎందుకని?"

కాలు నొప్పి, ఎక్కువసేపు కూర్చోలేకపోతున్నా అనబోయాను. అక్కకీ అదే చెప్పాను. మాట సగంలో ఆగిపోయింది. మంచం మీద వెనక్కి ఆనుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని వేసుకునేదాన్ని కదా, దానికి కాలితో పనేముంది? రెండు నెలలుగా ఆ రంగుల పెట్టెను చూస్తే ఏమీ అనిపించడం లేదు, అంతే. నేనే కాలి మీదకి నెట్టేశాను. ఊళ్ళోవాళ్ళని అన్నాను గానీ, ఆ ఖాతాలో రాయడం నాకూ బాగానే వచ్చు!

అది చెప్పి ఏడ్చాను. ఆవిడ "అయ్యో పాపం" అనలేదు. ఒంటి అలసట విశ్రాంతితో కొంతైనా తగ్గుతుందా, మనసుకి నచ్చిన పని కూడా రుచించడం లేదా, ఈ రెంటినీ వేర్వేరుగా రోజూ రాసుకోమన్నారు. నిద్ర గురించి విడిగా మాట్లాడదామన్నారు. మళ్ళీ వచ్చే వారం.

వస్తూ వస్తూ టాయిలెట్ చూశాను. కింద అంతస్తులోనే ఉంది, తలుపు వెడల్పుగానే ఉంది. దాని కోసమా పొద్దుటినుంచీ దాహంతో చచ్చాను!

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. ఎప్పటిలాగే, "కాలెలా ఉందే?"

"కాలు బాగానే ఉంది. నిద్రే పట్టడం లేదక్కా."

"ఎప్పట్నుంచి?" అంది. చెప్పాను. అరగంట మాట్లాడుకున్నాం. కాలి ఊసు మళ్ళీ ఒక్కసారే వచ్చింది, అదీ వచ్చే వారం లిఫ్ట్ సంగతి తనే ఫోన్ చేసి కనుక్కుంటానన్నప్పుడు.