భీమవరం రొయ్యల బేరంలో కొరియోగ్రఫీ

రైతు, బయ్యరు, ఐసు ఫ్యాక్టరీ బేరాన్ని కంప్యూటర్లకు అప్పగించారనుకోండి. ముగ్గురి ప్రోగ్రాములూ విడివిడిగా రాస్తే ఎక్కడో ఒకచోట ఒకరి కబురు కోసం ఒకరు చూస్తూ అందరూ ఆగిపోతారు. డెడ్‌లాక్ అంటే అదే. కొరియోగ్రాఫిక్ ప్రోగ్రామింగ్‌లో బేరం మొత్తం ఒకే ప్రోగ్రాము: "బయ్యరు నుంచి రైతుకు, 40 కౌంట్ (కిలోకు 40 రొయ్యలు) ధర". పంపడం, అందుకోవడం ఒకే వాక్యంలో ఉంటాయి కాబట్టి జత తప్పదు. ఎవరి వాటా కోడ్ వారికి ప్రొజెక్షన్ అనే దశ విడదీసి ఇస్తుంది. 2013లో ఫాబ్రిట్సియో మోంటేసి పీహెచ్‌డీ గ్రంథం పేరే కొరియోగ్రాఫిక్ ప్రోగ్రామింగ్.

చిక్కంతా షరతు దగ్గరే. రైతు ఒప్పుకుంటే బయ్యరు ఐసు ఆర్డరు పెడతాడు, లేకపోతే ఏమీ పంపడు. మరి ఆర్డరు కోసం ఆగాలో వద్దో ఫ్యాక్టరీకి తెలిసేదెలా? దాని రెండు ప్రవర్తనలు కలవవు, ప్రొజెక్షన్ అక్కడే కాదంటుంది. ఈ సిద్ధాంతంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ నిరాకరణే. చెరువు గట్టు మీద రొయ్య పాడవకముందే తప్పు బయటపడుతుంది. రైతు బయ్యరుకు, బయ్యరు ఫ్యాక్టరీకి ముందుగా ఒక లేబుల్ పంపాలి: "పట్టుబడి" లేదా "వద్దు". చాలామంది మరిచేది ఆ "వద్దు" లేబులే.

అన్నట్టు, మూల సిద్ధాంతం ఛానెల్లో కబురు ఎక్కడా తప్పిపోదనే అనుకుంటుంది. తుఫానుకు టవరు పడితే డెడ్‌లాక్ రాదన్న హామీ వర్తించదు. టైమవుట్, మళ్లీ పంపడం వేరే రాసుకోవాలి.